ఆరిన్ దాచుకున్న పైపు

మార్చి ముగిసేసరికి ఆరిజోనా ఎడారిలోని ఆ మకాంలో ఇల్లులాంటి బండ్లు రెండే మిగిలాయి. ఒకటి అలాంటి బండ్లను బాగుచేసే ఆరిన్‌ది, రెండోది వెర్నాది. ఎండలు ముదిరితే ఆమెకు ఊపిరాడదు. ఉత్తరాన చల్లగా ఉండే మోంటానా వెళ్ళిపోవాలి. కానీ ఆమె బండిలోంచి పక్కకు జరిపి పెట్టుకునే గది తిరిగి లోపలికి రావడం లేదు, బండిని నిలబెట్టే ఇనుప కాళ్ళు పైకి లేవడం లేదు.

ఆరిన్ బండి కిందికి దూరి చూశాడు. గదినీ కాళ్ళనీ కదిలించే నూనె పైపు చిట్లి కారుతోంది.

"ఏమైందోయ్ నా బండి కాళ్ళకి?" అంది వెర్నా.

"అలిగాయి. నువ్వెళ్తున్నావని."

"నీకంటే అవే నయం. నువ్వు అలగనైనా అలగవు. నీ బండి గది ఎప్పుడు బాగుచేసుకుంటావు? ఈసారైనా నాతో రాకూడదూ?"

"పైపు రావాలి."

"నిరుడూ ఇదే చెప్పావు!"

నిరుడు అది అబద్ధం. పైపు అప్పటికే వచ్చింది. భార్య పోయాక ఒంటరిగా దారిపట్టడానికి మనసొప్పక పెట్టెలోనే ఉంచేశాడు. ఈ చలికాలమంతా వెర్నా ఇచ్చే కాఫీ తాగుతూ, ఈసారి బిగించుకుందామనే అనుకున్నాడు. ఇంకొకటి తెప్పించాలంటే వారాలు పడతాయి.

ఆ పైపే తెచ్చి ఆమె బండికి బిగించాడు. నూనె పోసి మీట నొక్కమన్నాడు. గది మెల్లగా లోపలికి జరిగింది. కాళ్ళు ఇసుకలోంచి లేచాయి.

"పైపు రాగానే బయల్దేరు" అంది వెర్నా కిటికీలోంచి.

"సరే."

ఆమె బండి రేపిన దుమ్ము అణిగాక ఆరిన్ ఖాళీ పెట్టె పట్టుకుని తన బండి వైపు నడిచాడు. ఇప్పుడు పైపు నిజంగానే రావాలి.