చారల చొక్కాలో బాప్తిస్మం

నిన్న నంద్యాల బజారులో తువ్వాలు కొందామని ఆగితే, దుకాణం ముందు ఫుట్‌బాల్ చొక్కాలు వేలాడుతున్నాయి. ఏదో పరదేశపు జట్టువి. ఒకటి పట్టుకుని చూశాను. ఎరువుల బస్తా లోపలుండే ప్లాస్టిక్ సంచికి చేతులు కుట్టినట్టుంది. వీపు మీద అంకె వంకర, చంకలో కుట్టు అప్పుడే ఊడింది, జట్టు గుర్తును జిగురుతో అతికించారు. "ఫస్ట్ కాపీ అన్నా," అన్నాడు దుకాణదారు గర్వంగా. నకలులోనూ మొదటిదీ రెండోదీ ఉంటాయని నాకు తెలియదు. ఉన్నీ నారా కలిపి నేసిన బట్ట తొడుక్కోవద్దని దేవుడు ఇశ్రాయేలీయులకు చెప్పాడు. ఇందులో ఉన్నీ లేదు, నారా లేదు. వద్దనడానికైనా అందులో బట్టంటూ ఉండాలి కదా. ఏటేటా చారను వేలెడు పక్కకు జరిపి కొత్త డిజైను అంటారు. అభిమానులు మళ్ళీ కొంటారు. విగ్రహారాధన గురించి నేను బడిపిల్లలకు ఆదివారాలు చెప్పే పాఠానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

అలాంటి చొక్కాయే ఒకటి మా మేనమామ రక్షణకు అడ్డుపడబోయింది. ఆళ్ళగడ్డలో ఉండే ఆయనకు యాభై దాటినా ఫుట్‌బాల్ పిచ్చి పోలేదు. బంతిని మాత్రం ఏనాడూ తన్నలేదు. మా అవ్వ, అంటే ఆయన తల్లి, నలభై ఏళ్ళుగా ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి చిన్నకొడుకు మారుమనస్సు కోసం ప్రార్థించమని అడిగేది. సంఘానికి వచ్చిన ప్రతి కొత్త పాస్టరూ మొదట తెలుసుకునేది మామ సంగతే. చివరికి రెండేళ్ళ కిందట బాప్తిస్మం తీసుకుంటానన్నాడు, కానీ జట్టు చొక్కాలోనే. మా సంఘంలో నీళ్ళలోకి దిగేవాళ్ళు తెల్లబట్టలు వేసుకోవాలి.

"ఇదీ తెల్లంగీనే గదా అయ్యగారూ. రెండు ఎర్రచారలుంటే దేవుడు నన్ను గుర్తుపట్టడా ఏందీ?" అన్నాడు మామ పాస్టరుతో.

పెద్దలు కూర్చుని తర్జనభర్జన పడ్డారు. చొక్కా మీద బీరు కంపెనీ పేరుందని ఒకాయన కనిపెట్టాడు. అవ్వ ఆ పేరు మీద తెల్లగుడ్డ ముక్క కుట్టి తెచ్చింది. "వాడు అంగీ కోసరం వస్తాండాడో, దేవుని కోసరం వస్తాండాడో నాకు తెలీదు నాయనా. ముందు నీళ్ళల్లోకి దింపండి," అంది పాస్టరుతో.

కేసీ కాలువలో నడుం లోతున నిలబడి పాస్టరు ప్రశ్నలు అడుగుతుండగానే చారలు కరగడం మొదలుపెట్టాయి. పాస్టరు తెల్లచొక్కా గులాబీరంగుకు తిరిగింది. జిగురు వదిలి జట్టు గుర్తు నీళ్ళ మీద తేలింది. మామ పాస్టరు చెయ్యి విడిపించుకుని దాని వెనక పడ్డాడు. గట్టు మీద పాట ఆగిపోయింది, ఎవరో నవ్వారు. ఆ నవ్వుకు మామ అక్కడే ఆగి, అటువైపు గట్టెక్కి వెళ్ళిపోవడానికి సిద్ధమైనట్టు కనిపించాడు.

గట్టు మీద కుర్చీలో ఉన్న అవ్వ లేచింది. "పోతే పోనీరా. నువ్వు రా," అంది, మామూలుగా అన్నానికి పిలిచినట్టు.

మామ చొక్కా విప్పి కాలువలోకి వదిలేసి, ఒట్టి ఒంటితో వెనక్కి నడిచాడు. అలాగే మునిగాడు. గట్టెక్కాక తెల్లబట్ట ఏదని వెతుకుతుంటే అవ్వ తన ముసుగు దుప్పటి తీసి కప్పింది.

ఆ తర్వాత ఆమె బతికింది రెండు నెలలు. నలభై ఏళ్ళు అడిగి అడిగి తెచ్చుకున్న కొడుకు పక్కన ఎనిమిది ఆదివారాలు కూర్చుంది. ఆలస్యమైందని మాత్రం ఒక్కసారీ అనలేదు.