పోయినవాళ్ళ వరుసలో సరోజత్త

రంగుల్లో కలిపే అవిసె నూనె సీసా మూత తీస్తే చాలు, ఆ వాసనకి సత్యం మాస్టారు వచ్చి నా ఎదురుగా నిలబడతారు. నిన్న దక్షిణాఫ్రికాలో, టోంగాట్‌లోని మా ఇంటి హాల్లో ఉన్న పెద్ద బొమ్మను శుభ్రం చేద్దామని సీసా తెరిచాను. మెత్తటి గుడ్డతో దుమ్ము దులుపుతూ కుడి మూలకి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. మా పెదనాన్న భుజం పక్కన, గోధుమరంగు అడుగునుంచి ఒక బంతిపూల దండ లీలగా పైకి తేలుతోంది. ముప్పై ఏళ్ళు దాక్కుని ఇప్పుడు తొంగిచూస్తోంది, దొంగది! గట్టిగా నవ్వేశాను. సరోజత్తకి వెంటనే ఫోన్ చేశాను.

నల్లవాళ్ళతో సహా మాకందరికీ ఓటు వచ్చిన మరుసటి ఏడు మాస్టారు రాజమండ్రి నుంచి మా బడికి లెక్కలు చెప్పడానికి వచ్చారు. నేనప్పుడు అదే బడిలో కొత్త టీచర్ని. లెక్కలు ఆయనకి జీతం, బొమ్మలు ఆయనకి ప్రాణం. తాతముత్తాతలు చెరుకు తోటల పనికి వలసొచ్చిన మా ఇళ్ళలో తెలుగంటే తిట్లూ, తిండి పేర్లూ, దేవుడి పాటలూ మాత్రమే మిగిలిన రోజులవి. ఇవాళ ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాస్తున్నానంటే ఆయన చలవే. డర్బన్‌లో పాత పుస్తకాల కొట్లో కొన్న లావుపాటి పుస్తకం ఒకటి ఎప్పుడూ ఆయన చంకలో ఉండేది. నిండా డచ్చి రాజకుటుంబాల బొమ్మలు. ఒక పేజీ తీసి, "చూడమ్మా, ఈ గడ్డం ఆయన పోయిన ఎన్నో ఏళ్ళకి ఈ కుర్రరాజు పుట్టాడు. అయినా ఇద్దరూ పక్కపక్కనే ఎలా నిలబడ్డారో చూడు. బొమ్మ వేసేవాడికి చావు అడ్డం రాదు," అన్నారు. అలాంటిది మాకూ ఒకటి వేసిపెట్టమని అక్కడికక్కడే అడిగేశాను.

మా తాత చెరుకు మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన మాటకి ఇంట్లో ఎదురులేదు. పుస్తకం చూసి మండిపడ్డాడు. "డచ్చోళ్ళంటే మనల్ని తొక్కిన ఈ తెల్ల బోయర్ల తాతలు కాదా? వాళ్ళు నా గోడ మీదకా? నో వే, మాస్టర్!"

"రాజుల్ని వదిలేద్దాం తాతగారూ. పద్ధతి మాత్రం తీసుకుందాం."

తాత మీసం తిప్పి, "అయితే మా నాయన చేతిలో చెరుకు కొట్టే కత్తి పెట్టు. రాజుకీ కత్తే, మా నాయనకీ కత్తే," అన్నాడు. బేరం కుదిరింది.

వెనక వరుసలో పోయినవాళ్ళు, ముందు వరుసలో ఉన్నవాళ్ళు. పోయినవాళ్ళ ఫొటోలు కావాలని మాస్టారు అడిగితే, వడలు వేయిస్తున్న అవ్వ వెనక్కి తిరక్కుండానే, "దేవుడి గదిలో ఉన్నాయి, తీసుకో," అంది. ఆయన నాలుగు ఫొటోలు తీసుకెళ్ళి, తన క్వార్టర్స్‌లో నెలరోజులు కూర్చుని వేశారు. ఒక ఆదివారం, ముందు వరుసలోని మాకు మెరుగులు దిద్దాలని బ్రష్‌తో వచ్చి, మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, తెచ్చిన బొమ్మ మీద దుప్పటి తీశారు. ముత్తాత, ముత్తవ్వ, మా పెదనాన్న, వాళ్ళ పక్కన మెడలో బంతిపూల దండతో మా సరోజత్త!

అత్త తాతకి ఒక్కగానొక్క కూతురు. సిఫో అనే జులు తెగ టీచర్ని పెళ్ళి చేసుకుని, నల్లవాళ్ళుండే ఉమ్లాజీకి వెళ్ళిపోయింది. ఆమె పేరు ఇంట్లో వినపడకూడదని తాత ఆనపెట్టి అప్పటికి పదకొండేళ్ళు. అవ్వ మాత్రం కూతురి ఫొటో దేవుడి ముందు పెట్టి, రోజూ బొట్టు పెట్టి, చల్లగా ఉండాలని మొక్కుకునేది. దేవుడి గదిలో బొట్టుతో ఫొటో కనిపిస్తే ఏ తెలుగువాడైనా ఏమనుకుంటాడు? మాస్టారూ అదే అనుకున్నారు. అడగలేదు.

"అయ్యయ్యో! నా బిడ్డకి దండేసినావా?" అవ్వ గరిటె పట్టుకుని లేచింది. "నా సరోజ బతికుంది! ఉమ్లాజీలో ఉంది! ఇద్దరు పిల్లలు!"

పదకొండేళ్ళకి ఆ పేరు మా ఇంట్లో వినపడింది. మాస్టారు చేతులు జోడించారు. "తప్పయిపోయిందమ్మా. అడక్కుండా వేశాను."

"తుడిచెయ్," అన్నాడు తాత, గోడవైపు తిరిగి. "మనిషినే తుడిచెయ్."

"అయితే నన్ను కూడా తుడువు, మాస్టర్," అంది అవ్వ.

మాస్టారు బ్రష్ కింద పెట్టి మెల్లిగా అన్నారు. "దండ తీసేస్తాను తాతగారూ. కానీ పోయినవాళ్ళనే నేను ఫొటో చూసి వేస్తాను. బతికున్నవాళ్ళు నా ఎదురుగా వచ్చి కూర్చోవాలి. డచ్చివాళ్ళ పద్ధతి అది."

అలాంటి పద్ధతేమీ లేదని తర్వాత ఆ పుస్తకం రెండుసార్లు తిరగేశాక నాకు తెలిసింది. తాతకి తెలియదు. ఆయన ఇటు తిరిగి ఆ దండనే చూశాడు. కళ్ళనిండా నీళ్ళు. చివరికి, "పద్ధతి అంటే పద్ధతే మరి. ఫోన్ చెయ్యండి. మొగుణ్ణి కూడా తెమ్మనండి, ఒక్కతే అంతసేపు ఏం కూర్చుంటుంది," అన్నాడు.

ఆ మరుసటి ఆదివారం నలుగురూ వచ్చారు. సిఫో మామ అత్త నేర్పినట్టే చేతులు జోడించి, "నమస్కారం మామా," అన్నాడు. తాత అత్త చిన్నకూతుర్ని గడ్డం పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూసి, "హవు! ఈ ముక్కు మా నాయనదే!" అని కేకపెట్టాడు. అవ్వ ఏడుస్తూనే వడలు పెట్టింది. అత్త బొమ్మ దగ్గరికి వెళ్ళి, కొత్తగా పూసిన గోధుమరంగు మచ్చని వేలితో చూపిస్తూ, "నన్ను చంపింది ఇక్కడేనా, మాస్టర్?" అంది. ఇల్లంతా నవ్వులే. మాస్టారు సిగ్గుతో నేల చూశారు. ముందు వరుసలో, తాత పక్కనే ఆమెని వేశారు.

మాస్టారు పోయి ఆరేళ్ళయింది. నిన్న అత్త వచ్చి, కళ్ళద్దాలు సర్దుకుని ఆ దండని తేరిపార చూసింది. "మళ్ళీ రంగు పుయ్యమంటావా?" అని అడిగాను. "ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా. అది లేకపోతే నేనీ గడప తొక్కేదాన్నా?" అంది.

మాస్టారి దగ్గరే బ్రష్ పట్టడం నేర్చుకుని, ఇప్పుడు కుటుంబాల బొమ్మలు వేయడమే నా పని. ఫొటోల కట్ట నా ముందు పెట్టగానే ఒక్కొక్కటే ఎత్తి, ఈ మనిషి ఉన్నారా, పోయారా అని అడుగుతాను. కొందరికి కోపమొస్తుంది. ఏంచేస్తాం, అడక్కుండా ఎవర్నీ చంపకూడదు కదా! ఎవరో ఒకరు తల దించుకుని, "ఉంది, కానీ మాకూ తనకూ మాటల్లేవు," అంటారు. అప్పుడు నేను బ్రష్ కింద పెట్టేస్తాను. బతికున్నవాళ్ళు నా ఎదురుగా వచ్చి కూర్చోవాలి, డచ్చివాళ్ళ పద్ధతి అది అని చెబుతాను.