బావకు పనిచేసిన మందు

క్రేన్ నిచ్చెన సగం ఎక్కి ఆగిపోయిన రోజు నాకు బాగా గుర్తు. పద్దెనిమిదేళ్ళుగా విశాఖ పోర్టులో క్రేన్ నడుపుతున్నవాణ్ణి. ఆ ఉదయం ఛాతీ పట్టేసింది, లోపల పిల్లికూతలు మొదలయ్యాయి. కింద నుంచి అప్పలనాయుడు అరిచాడు. "ఏటి బావా, పైకెల్తావా, కిందకొత్తావా?"

అప్పలనాయుడు చుట్టం కాదు, పిలుపుకే బావ. నాతోపాటే క్రేన్ నడిపేవాడు. ఒకే షిఫ్టు, ఒకే క్రేన్, వంతులవారీగా ఎక్కేవాళ్ళం. నా భార్య పోయాక రోజులో నేను మాట్లాడే మనిషి అతనొక్కడే. అతనికీ దగ్గు ఉండేది. బొగ్గు దుమ్మని ఇద్దరం బెల్లం ముక్క నోట్లో వేసుకుని తిరిగేవాళ్ళం.

చివరికి ద్వారకా నగర్‌లో ఊపిరితిత్తుల డాక్టరమ్మ దగ్గరికి కలిసే వెళ్ళాం. ఇద్దరికీ గొట్టంలో ఊదించి ఊపిరి కొలిచే స్పైరోమెట్రీ చేసి, "ఇద్దరిదీ ఆస్తమానే" అన్నారు. ఊపిరి గొట్టాలు తెరిచే మందూ, వాపు తగ్గించే స్టెరాయిడూ కలిసిన ఒకే ఇన్‌హేలర్ రాశారు. నాలుగు వారాలు తిరక్కుండానే బావ నిచ్చెన చకచకా ఎక్కేస్తున్నాడు. నేను మాత్రం సగంలో ఆగి కమ్మీ పట్టుకుంటున్నాను.

రివ్యూకి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ "ఎలా ఉంది?" అని అడిగారు. "ఇద్దరం బాగున్నాం మేడమ్" అన్నాడు బావ. అన్ని చోట్లా మా ఇద్దరి తరఫునా అతనే మాట్లాడేవాడు, అది అలవాటు. నేను తల ఊపాను. ఆ తర్వాతిసారి కూడా అంతే. నా మొదటి తప్పు అదే.

మెట్లు దిగుతూ ఒకసారి చెప్పాను. "బావా, నాకేటీ తగ్గనేదు."

"ఇద్దరికీ ఒకటే మందు. నాకు పంజేసింది నీకెందుకు పంజెయ్యదు? నువ్వు సరిగ్గా పీల్సట్లేదు."

పాపం, కొన్నాళ్ళు రోజూ క్రేన్ ఎక్కే ముందు నా ఎదురుగా నిలబడి మరీ పీల్పించాడు. అయినా తగ్గలేదు. తర్వాత అతను చూడ్డం మానేశాడు. నేను తేలికైన గేటు డ్యూటీ కోసం ఆయాసం నటిస్తున్నానని షెడ్డులో ఎవరో అంటే అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. ఆయాసం కంటే ఆ నవ్వే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

వానాకాలంలో క్రేన్ కిందే కూలబడ్డాను. ఆసుపత్రిలో ముక్కుకీ నోటికీ నెబ్యులైజర్ మాస్కు పెట్టారు. డ్యూటీ డాక్టర్ అడిగాడు, "ఇన్‌హేలర్ మానేశారా?"

"సరిగ్గా వాడ్డు సార్ ఈడు" అన్నాడు బావ.

నోటికి మాస్కు ఉంది. కాదని చెప్పలేక కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాను.

తర్వాత నన్ను నిజంగానే గేటుకు వేశారు. షిఫ్టులు వేరయ్యాయి. గేటు దగ్గర నుంచి బావ నడిపే క్రేన్ కనిపించేది, మనిషి కనిపించేవాడు కాదు. కొన్ని రోజులు లారీల డ్రైవర్లతో తప్ప ఎవరితోనూ మాట్లాడకుండానే గడిచిపోయేవి. ఇంటికొస్తే అన్నం ఒక్కడికే వండుకోవాలి. మందు పనిచేయకపోతే పోనీ, నా మాట నమ్మేవాళ్ళు కూడా లేరే అనిపించేది.

ఒకరోజు బస్సెక్కి ఒక్కణ్ణే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. "మీ బావగారు రాలేదా?" అన్నారు. అప్పుడు మొత్తం చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు. తన ముందే ఇన్‌హేలర్ పీల్చమన్నారు. "టెక్నిక్ బాగుంది" అన్నారు. ఆ మాటకే నాకు సగం రోగం తగ్గినట్టయింది. మందుకు ముందు, మందు తర్వాత స్పైరోమెట్రీ చేశారు, తేడా పెద్దగా రాలేదు. ఇంకో జబ్బేమీ కాదని తేల్చుకోవడానికి ఎక్స్‌రే, రక్త పరీక్షలు, గుండె పరీక్ష చేయించారు.

తర్వాత నెమ్మదిగా వివరించారు. "మీ ఇన్‌హేలర్‌లో గొట్టాలు తెరిచే మందును పట్టుకునే రిసెప్టర్లు ఊపిరి గొట్టాల్లో ఉంటాయి. వాటి జీన్ అందరిలో ఒకేలా ఉండదు. అందుకే కొందరికి మందు తక్కువగా పనిచేయొచ్చు. మీలో కారణం అదేనని టెస్టు లేకుండా చెప్పలేను. ఆ టెస్టు మామూలుగా చేసేది కాదు, దానికోసం ఆగక్కర్లేదు కూడా. స్టెరాయిడ్ మాత్రం ఆపొద్దు. వేరే దారిలో పనిచేసే ఇంకో మందు కలుపుదాం."

"అయితే నా తప్పు కాదా మేడమ్?"

"మందు పనిచేయకపోవడం మీ తప్పు కాదు. నాకు చెప్పకపోవడం మాత్రం మీ తప్పే."

పీక్ ఫ్లో మీటర్ ఇప్పించారు. పొద్దునా సాయంత్రం ఊది, వచ్చిన అంకె పుస్తకంలో రాయాలి. అంకె మెల్లగా పెరిగింది. మధ్యలో జలుబు చేసి మళ్ళీ కిందికి దిగిపోయింది, నేనూ దిగులుపడ్డాను. ఇంకో నెలకు కోలుకున్నాను.

ఆ పుస్తకం బావకు చూపించాను. పేజీలు తిప్పి తిప్పి చూశాడు. "ఆ రోజు నాను కూడా నవ్వాను గదా బావా" అన్నాడు.

"నవ్వావు" అన్నాను. పర్లేదులే అనలేకపోయాను.

ఇప్పుడు ఆగకుండా నడవగలను, ఆరిలోవలో మా డాబా మెట్లు ఎక్కగలను. క్రేన్ ఎక్కనివ్వరు, గేటు దగ్గరే ఉన్నాను. సాయంత్రాలు ఇంకా ఖాళీగానే ఉంటాయి. నేను చెప్పేది ఒక్కటే. పక్కవాడికి పనిచేసిన మందు మీకు పనిచేయకపోతే సిగ్గుపడకండి, సొంతంగా మానేయకండి, ఆ మాట డాక్టరుకు మీ నోటితోనే చెప్పండి.

మొన్న చెకప్‌కి బావే బండి మీద తీసుకెళ్ళాడు. అలవాటు కొద్దీ డాక్టరమ్మ గది తలుపు దాకా వచ్చి, ఆగి, వెనక్కి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు.

"నాను రాను బావా. నీ ఊపిరి సంగతి నువ్వే సెప్పుకో."