మడత విప్పని పసుపు సంచి

నాగమ్మాళ్‌కు కోపం వస్తే నోట్లోకి రాదు, చేతుల్లోకి వస్తుంది. ఆ వారమంతా మూడో అంతస్తు వార్డులో నేల అద్దంలా మెరిసిందంటే అందుకే. హెడ్ నర్సు పిలిచి మరీ మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు ఎవరిక్కావాలి? ఇంట్లో తన మాట వినే మనిషి ఒక్కరు కావాలి, ఆ ఒక్కరే దొరకడం లేదు.

కోయంబత్తూరులోని ఆ పెద్ద ఆసుపత్రిలో ఆమె ఇరవై రెండేళ్ళుగా ఆయా. సూలూరులో తెల్లవారకముందే బస్సెక్కుతుంది. భర్త చిన్నప్పన్‌ది అక్కడే పవర్‌లూమ్ షెడ్డులో పని. మగ్గాల చప్పుడుకు అతనికి చెవులు సగం పోయాయి, మిగిలిన సగంతో చివర ఎవరు మాట్లాడితే వాళ్ళ పక్షం చేరతాడు. ఒక్కతే కూతురు, సత్య. ఈ యేడు ప్లస్ టూ మంచి మార్కులతో పాసయింది. బయట తమిళమే అయినా ఇంట్లో వాళ్ళు మాట్లాడేది తెలుగే.

ఆ పిల్ల ఏం చదవాలో నాగమ్మాళ్ ఎప్పుడో తేల్చుకుంది. వార్డులో డాక్టరు రౌండ్సుకు వచ్చినప్పుడు వెనకాలే ఫైలు పట్టుకుని తెల్లకోటులో ఒక అమ్మాయి వస్తుంది. డాక్టరు పడక దగ్గర రెండు నిమిషాలుంటాడు, వెళ్ళిపోతాడు. ఆ అమ్మాయి రోజంతా ఉంటుంది. ఎవరికి కట్టు మార్చాలి, ఎవరికి జ్వరం తగ్గలేదు, ఏ ముసలాయన మాత్ర మింగకుండా తలగడ కింద దాస్తున్నాడు, అన్నీ ఆమెకు తెలుసు. ఆ ఉద్యోగాన్ని ఫిజీషియన్ అసిస్టెంట్ అంటారు. ఆ పేరు తిన్నగా పలకడానికి నాగమ్మాళ్‌కు మూడు నెలలు పట్టింది. తన కూతురు ఆ కోటు వేసుకోవాలని అనుకోవడానికి ఒక్క పూట పట్టలేదు.

ఆసుపత్రి నడిపే ట్రస్టువాళ్ళే కాలేజీ కూడా నడుపుతారు. అసలు క్యాంపస్ ఆసుపత్రి గోడ వెనకాలే ఉంది. రెండోది మదురై బయట కొత్తగా కట్టారు. చదువు ఒకటే, చివర ఇచ్చే కాగితమూ ఒకటే. సత్యకు రెండు చోట్లా సీటొచ్చింది. ఏది కావాలో శుక్రవారం లోపల చెప్పాలి. ఇందులో ఎంచడానికేముంది అనుకుంది నాగమ్మాళ్.

సత్య మదురై అంది.

ఎందుకని అడిగితే పూటకో కారణం చెప్పింది. ఒకసారి హాస్టల్ బాగుందంది, ఒకసారి రోజూ బస్సులో రెండు గంటలు దండగ అంది, ఇంకోసారి అక్కడ గొడవ లేకుండా చదువుకోవచ్చంది. మదురైలో ఉన్న చిన్నప్పన్ తమ్ముడు ఇళంగో దానికి వంత పాడాడు. అద్దాల మేడ ఫోటోలు ఫోన్లో వరసగా పంపాడు. ఇన్సూరెన్సు పాలసీలు అమ్మే మనిషికి మాటలకు కొదవేముంది? పుస్తకంలో ఉన్నది ఎక్కడైనా చదవొచ్చు, ఈ చదువు పడకల మీదుంటుందని నాగమ్మాళ్ నచ్చజెప్పబోయింది. ఇళంగో ఫోన్లోనే నవ్వాడు.

"వదినా, నీకి తుడిసే పని తెలుసు. కాలేజీ సంగతి మాకి ఇడిసిపెట్టు."

ఆ మాట స్పీకర్లో అందరూ విన్నారు. చిన్నప్పన్ టీ తాగుతూ ఉండిపోయాడు. సత్య తలెత్తలేదు. నాగమ్మాళ్ గిన్నెలన్నీ మళ్ళీ తోమింది, తోమినవి కూడా.

బుధవారం ఆమె సెలవు పెట్టి, కళ్ళారా చూసి తేలుద్దామని ఇద్దరినీ బయల్దేరదీసింది. ధారాపురం, ఒట్టన్‌ఛత్రం, దిండిగల్ దాటి మదురై చేరేసరికి పదిన్నరయింది. బస్టాండులో ఇళంగో ఇస్త్రీ చొక్కాతో సిద్ధంగా ఉన్నాడు.

అడ్మిషన్ ఆఫీసులో పనిచేసే ఒకామె మెడలో కార్డు వేసుకుని అన్నీ తిప్పి చూపించింది. మేడ నిజంగానే బాగుంది. లోపల చల్లగా ఉంది. ల్యాబులో మంచం మీద రబ్బరు మనిషి పడుకుని ఉన్నాడు. అతనికి సూది వేయొచ్చు, కట్టు కట్టొచ్చు, ఛాతీ నొక్కొచ్చు. చిన్నప్పన్ ఆ బొమ్మ చేతిని తాకి చూసి మురిసిపోయాడు. ఆ తర్వాత అందరూ ఆసుపత్రి బ్లాకులోకి వెళ్ళారు. రెండు వందల పడకలు అని చెప్పింది కార్డు వేసుకున్నామె.

నాగమ్మాళ్ నాలుగడుగులు వెనకబడింది. ఆమెకు అక్కడ ఏదో తేడాగా అనిపించింది. ఫినాయిల్ వాసన లేదు, మందుల వాసన లేదు, పెయింటు వాసన ఉంది. పడకల మీద దుప్పట్లు తెచ్చినప్పటి మడత గీతలతోనే పరిచి ఉన్నాయి. మూల పడక మీద ఒక ముసలామె, కిటికీ పక్కన ఇంకొకతను, అంతే. వార్డు చివర రంగురంగుల చెత్తబుట్టలు కనిపించాయి.

ఆసుపత్రిలో చెత్తకు కూడా రంగుంటుంది. రక్తం అంటిన దూది, కట్లు పసుపు బుట్టలో వేయాలి. సెలైన్ గొట్టాలు, సిరంజిల ప్లాస్టిక్ ఎరుపులో వేయాలి. ఇరవై రెండేళ్ళుగా ఆ సంచులు కట్టి దించుతున్న మనిషికి వార్డులో ఏం జరుగుతోందో తెలియడానికి రోగి ముఖం చూడక్కర్లేదు, పసుపు బుట్ట చూస్తే చాలు. తన వార్డులో ఈ వేళకు పసుపు సంచి ఒకసారి మార్చడం కూడా అయిపోతుంది.

ఆమె కాలితో మూత తెరిచింది. లోపల పసుపు సంచికి మడతలే పోలేదు. అడుగున సన్నగా దుమ్ము పేరుకుని ఉంది. ఎరుపు బుట్టలో ఒక బిస్కెట్ కాగితం, ఈ కాలేజీ గొప్పలు అచ్చేసిన కాగితం ఒకటి ఉన్నాయి. పక్క వార్డుకు వెళ్ళి అక్కడా తెరిచి చూసింది. అదే సంచి, అవే మడతలు. కార్డు వేసుకున్నామె ముఖం చిట్లించి, ఇప్పుడే మార్చామని తమిళంలో చెప్పింది. ఇప్పుడే మార్చిన సంచిలో దుమ్మెందుకుందని నాగమ్మాళ్ అడగబోయింది. ఇంతలో సత్య ఆమె మోచేయి పట్టుకుంది.

"మూత మూయిమ్మా. అందరూ సూస్తా ఉండారు."

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇళంగో పడీపడీ నవ్వాడు. చెత్తబుట్ట చూసి కాలేజీ ఎంచే తల్లిని ఈ మదురై జిల్లాలోనే చూడలేదన్నాడు. చిన్నప్పన్ కూడా నవ్వాడు. అన్నం మీద సాంబారు పోసుకుంటూ నాగమ్మాళ్ ఆలోచించింది. డాక్టరు నాడి పట్టుకుని రోగం చెబితే చేతులు కట్టుకుని వింటారు. తను సంచి చూసి చెబితే వెక్కిరింత అయింది. చెప్పిందాంట్లో తప్పేమైనా ఉందా అని ఒక్కరూ అడగలేదు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

తిరుగు బస్సులో చిన్నప్పన్ నిద్రపోయాడు. ధారాపురం దాటాక నాగమ్మాళ్ ఇక ఊరుకోలేకపోయింది.

"ఆడ పేషెంటే లేడు, నీవే సూస్తివి గద. రబ్బరు బొమ్మకి నాలుగేండ్లు కట్టు కట్టి, రేపు మనిసికి ఎట్ల కడతావు?"

"తెలుసుమ్మా. నాకీ కండ్లు ఉండాయి."

"తెలిసి మళ్ళ ఎందుకు ఆడికే అంటావు?"

సత్య కిటికీ వైపు తిరిగింది. తల్లిని చూడకుండానే చెప్పింది.

"ఈడ నువ్వు ఉండావు. డాక్టరెనక నేను కోటేసుకొని వస్తా ఉంటే నువ్వు బక్కెట్టు పట్టుకొని గోడకి ఒదిగి నిలబడతావు. నిన్ను సూడనట్ల నేను దాటి పోవల్ల. లేదంటే నీ కాడ నిలబడల్ల. రెండూ నాచేత కాదుమ్మా."

పూటకో కారణం వెనకాల ఇన్నాళ్ళూ దాక్కున్నది ఇదన్నమాట. ఈ బక్కెట్టే నీకు అన్నం పెట్టిందే అన్న మాట నాలుక చివరికొచ్చింది. అది నిజమే, కానీ అంటే ఏం లాభం? పైగా పిల్ల చెప్పిందీ నిజమే. రౌండ్సు వస్తుంటే ఆమె నిజంగానే గోడకు ఒదుగుతుంది, బక్కెట్టు కాళ్ళ వెనక్కి జరుపుకుంటుంది. అలా ఒదగమని ఎవరూ చెప్పలేదు. ఎప్పుడు అలవాటైందో కూడా గుర్తు లేదు. కూతురి మీద కోపం వచ్చింది, తన మీద వచ్చింది, ఆ గోడ మీద కూడా వచ్చింది. బస్సులో తుడవడానికి నేల లేక చీర కొంగును సూలూరు దాకా పిండుతూనే ఉంది.

గురువారం ఆమె లాండ్రీ చూసుకునే ముత్తులక్ష్మి దగ్గరికి వెళ్ళింది. లాండ్రీ ఆసుపత్రి అడుగున ఉంటుంది. ఆవిరి, తడి బట్టల బరువు, సాయంత్రానికి భుజాలు లాగేస్తాయి. రెండుసార్లు అక్కడికి మారుస్తామంటే నాగమ్మాళ్ బతిమాలి తప్పించుకుంది. ఇప్పుడు తనే వచ్చి మార్చమంటుంటే ముత్తులక్ష్మి ఒంట్లో బాగుందా అని అడిగింది. బాగుందని చెప్పి ఆమె కాగితం మీద సంతకం పెట్టింది. లాండ్రీలో గోడకు ఒదగక్కర్లేదు. అక్కడికి రౌండ్సు రావు. కావలసిన బట్టలు ఒక కిటికీలోంచి ఇస్తారు, అంతే.

"సోమారం నుంచి నాకి లాండ్రీ. వార్డుకి రాను," అని ఇంటికొచ్చి చెప్పింది. "ఇప్పుడు రాయి, ఏ ఊరు రాస్తావో."

శుక్రవారం పొద్దున సత్య ఫోన్లో కోయంబత్తూరు అని నొక్కి, ఆ ఫోన్ మంచం మీద పడేసి స్నానానికి వెళ్ళింది. ఒక్క మంచి మాట కూడా అనలేదని నాగమ్మాళ్‌కు కోపం వచ్చింది. అని ఉంటే ఇంకా కోపం వచ్చేదేమో. ఇళంగో నెల రోజులు ఫోన్ చేయలేదు. అదొక్కటే ఆ వ్యవహారంలో కలిసొచ్చిన సంగతి.

మొదటి యేడు పుస్తకాలతో గడిచింది. ఒకే ఆవరణలో ఏడాది పాటు తల్లీకూతుళ్ళు ఒక్కసారి కూడా ఎదురుపడలేదు. నాగమ్మాళ్ చీకటితోనే వెళ్ళేది, సత్య కాలేజీ బస్సులో వచ్చేది. కుడి భుజం నొప్పికి నాగమ్మాళ్ రోజూ తైలం రాసుకునేది. ఆ వాసన ఇల్లంతా ఉండేది, సత్య దాని గురించి అడిగేది కాదు. ఇంత చేసి ఏం సాధించానని ఒక్కోసారి ఆమెకు విసుగొచ్చేది. పిల్లను తన దగ్గరే పెట్టుకుంది, పిల్లకు కనపడకుండా తనే పోయింది.

రెండో యేడు సత్య వాళ్ళను వార్డులకు పంపారు. ఒక మంగళవారం పదకొండు గంటలకు లాండ్రీ కిటికీ ముందు ముగ్గురు అమ్మాయిలు తెల్లకోట్లతో నిలబడ్డారు. మధ్యలో ఉన్నది సత్య. వార్డులో రోగులకు వేసే గౌన్లు చాలలేదని నర్సు కిందికి పంపినట్టుంది. లోపల ఎవరున్నారో చూసి సత్య ఒక్క క్షణం తడబడింది. ఆ తర్వాత తమిళంలో అంది.

"అక్కా, మూణు గౌను కుడుంగక్కా."

ఆయాలను అందరూ అక్కా అనే పిలుస్తారు. అందులో తప్పు లేదు. కానీ నాగమ్మాళ్ ప్రాణం చివుక్కుమంది. బస్సులో చెప్పిన రెండింట్లో పిల్ల ఒకటి నేర్చుకుంది, చూడనట్టు దాటిపోవడం. ఆమె మూడు గౌన్లు తీసి కిటికీలో పెట్టింది. అందుకోవడానికి సత్య చేయి చాచింది. కోటు ముంజేతి దగ్గర రక్తం మరక కనిపించింది, రెండు రూపాయల బిళ్ళంత. ఇంకా ఆరలేదు.

మనిషి రక్తం. ఎవరికో కట్టు విప్పింది, ఎవరికో కట్టింది. నాగమ్మాళ్‌కు అంత కోపంలోనూ సంతోషం వేసింది, దాచుకోలేనంత సంతోషం. పక్కవాళ్ళకు అర్థం కాదనే ధైర్యంతో ఇంటి మాటలోనే చెప్పేసింది.

"ఆ మరక ఎండనీకు. సన్నీళ్ళలో నానేయి. ఉడుకునీళ్ళు పోస్తే పట్టుకొనేస్తాది."

"సరేమ్మా," అంది సత్య, అలవాటుగా.

మిగతా ఇద్దరూ తలతిప్పి సత్యను చూశారు. వాళ్ళకు తెలుగు రాదు, కానీ అమ్మ అన్న మాట ఎవరికి తెలియదు? సత్య ముఖం ఎర్రబడింది. నాగమ్మాళ్ గబుక్కున కిటికీ తలుపు మీద చేయి వేసింది, మూసేద్దామని. పిల్ల వెళ్ళిపోతే బాగుండును, తొందరగా వెళ్ళిపోతే బాగుండును అనుకుంది.

సత్య వెళ్ళలేదు. గౌన్లు స్నేహితురాళ్ళ చేతుల్లో పెట్టింది. కోటు విప్పింది. కిటికీలోంచి లోపలికి చాచింది.

"నువ్వే నానేయిమ్మా. నాకి వార్డుకి టైమైంది."

చివరికి ఉతికే పని తన నెత్తినే పడింది. నాగమ్మాళ్ కోటు అందుకుని తొట్టి దగ్గరికి నడిచింది. చన్నీళ్ళలో వేసి కాసేపు వదిలేస్తే ఆ మరక దానంతటదే పోతుంది, రుద్దనక్కర్లేదు. ఆ సంగతి ఆసుపత్రిలో ఆమెకంటే బాగా ఎవరికీ తెలియదు. అయినా ఆమె రుద్దుతూనే ఉంది.