చక్రం కింద పెట్టిన రాయి

పోయిన మంగళవారం పొద్దున మాచర్లలో లారీకి నాపరాళ్లు ఎక్కిస్తున్నాం. నరసరావుపేట నుంచి వచ్చిన బస్సు డ్రైవరు నన్ను చూసి బండి ఆపి, మా ఇన్సూరెన్సు బాబాయి తెల్లారకముందే పోయారని చెప్పాడు. మూడు రోజులుగా ఆయనకు జ్వరమని నాకు తెలుసు. సాయంత్రం వెళ్లి చూద్దామనుకున్నాను. ఏడేళ్లుగా ఆయన విషయంలో నేను చేసిందల్లా రేపు చూద్దామనుకోవడమే. సగం ఎక్కించిన రాళ్లు అక్కడే వదిలేసి, అదే బస్సు తిరుగు ట్రిప్పులో ఊరొచ్చాను.

ఆయన నాకు చుట్టం కాదు. మాదీ వాళ్లదీ గోడకు గోడ ఇళ్లు. వాళ్లు ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లు, మేము శనివారం గుడికి వెళ్లేవాళ్లం. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆయన బాబాయే, వాళ్లావిడ పిన్నే. మద్రాసు కంపెనీ ఒకదానికి ఏజెంటుగా లారీలకూ బస్సులకూ పాలసీలు రాయించేవారు. ఇన్సూరెన్సంటే మనిషి పోయాక ఇంట్లోవాళ్లకు వచ్చే డబ్బని మా ఊళ్లో అందరికీ తెలుసు. ఈయన రాయించేది అది కాదని చెప్పడానికే ఆయన జీవితం సగం అరిగిపోయింది.

నేను పాత లారీ ఒకటి కొన్నప్పుడు, రూలు కాబట్టి తప్పదని మొహం ముడుచుకుని పాలసీ రాయించుకున్నాను. నా లారీ పాడైతే ఇస్తారా అని అడిగితే ఇవ్వరన్నారు. నాకేమైనా అయితేనో అంటే, దానికీ ఇవ్వరన్నారు. మరి ఈ దండగ దేనికని విసుక్కున్నాను. ఆయన కాయితాన్ని నా వైపు తిప్పి, వేలు పెట్టి చూపించారు.

“దీంట్లో నీ పేరుంది, లారీ నంబరుంది. ఎవరి కోసం రాశామో, నీ బండి వల్ల దెబ్బ తినే ఆ మనిషి పేరు మాత్రం లేదు. వాడెవడో నీకూ తెలవదు, నాకూ తెలవదు. వాడికి పేరు రాకుండా ఉండాలని దండం పెట్టుకో. వస్తే మాత్రం వాణ్ణి గాలికి వదిలెయ్యమాక.”

ఆయనతో బజారుకు వెళ్లడం పెద్ద తలనొప్పి. కాఫీ హోటలువాడు రోడ్డు వారగా పెట్టిన బజ్జీల మూకుడు చూసి ఆగిపోయేవారు. నీ కొట్టు తగలబడితే ఫైరు పాలసీ ఆదుకుంటుంది, ఆ నూనె ఎవరి కాళ్ల మీదో పడితే ఎవరు ఆదుకుంటారయ్యా అని అడిగేవారు. మేడ పిట్టగోడ మీద ఎండబెట్టిన ఊరగాయ జాడీలు కనబడితే ఇంటావిడను పిలిచి దింపించేవారు. ఆయన అరుగెక్కితే ఇంటికి కీడని కొందరు నవ్వుకునేవాళ్లు. నేనూ నవ్వాను. అన్నిటికంటే విచిత్రం, రోడ్డు మీద రాయి కనిపిస్తే చాలు, సైకిలు దిగిపోయేవారు. మా లారీవాళ్లకు ఒక పాడు అలవాటుంది. బండి ఆగిపోతే చక్రం దొర్లకుండా వెనక ఒక రాయి పెడతారు. బాగయ్యాక ఆ రాయిని అక్కడే వదిలేసి పోతారు. బాబాయి వంగి, ఆయాసపడుతూ దాన్ని పక్కకు దొర్లించేవారు. చేతులు దులుపుకుంటూ ఎవర్నీ ఒక మాట అనేవారు కాదు.

మా వైపు లారీ కింద ఎవరన్నా పడితే పెద్దమనుషులు కూర్చుంటారు. ఓనరు వెళ్లి తప్పైపోయిందని చేతులు పట్టుకుంటాడు, ఏదో ఒకటి ఒప్పుకుంటాడు. వినుకొండ రోడ్డులో ఒకాయన అలాగే ఒప్పుకుని వచ్చి, ఆ తర్వాత కంపెనీకి రాశాడు. మమ్మల్ని అడక్కుండా ఒప్పుకున్నారు కాబట్టి మాకు సంబంధం లేదని వాళ్లు తప్పుకున్నారు. ఆయన లారీ అమ్ముకోవాల్సి వచ్చింది. అందుకే బాబాయి మా అందరికీ ఒకటే చెప్పేవారు, ముందు మాకు కబురు పెట్టండి, ఈలోగా తొందరపడి నోరు జారకండి అని. ఆ మాటలో రెండో సగం మాత్రమే నేను బాగా గుర్తుపెట్టుకున్నాను.

ఏడేళ్ల కిందట, సాగర్ డ్యాము పనులు జోరుగా సాగుతున్న రోజుల్లో, మా లారీ రాళ్ల లోడుతో వస్తూ గురజాల దాటాక ఎత్తు మీద పంక్చరైంది. డ్రైవరు లోడులోంచే ఒక నాపరాయి దింపి చక్రం వెనక పెట్టాడు. టైరు మార్చుకుని వచ్చేశాడు. రాయి అక్కడే ఉండిపోయింది. పొద్దుగూకే వేళ ఆ పక్క ఊరి వడ్రంగి ఒకడు పని ముగించుకుని, సామాను సంచి సైకిలుకు తగిలించుకుని వస్తూ దాన్ని గుద్దుకుని పడ్డాడు. అందరూ ఆయన్ని ఆచారి అనేవాళ్లు. కుడి మణికట్టు నుజ్జయింది. ఆసుపత్రిలో కట్టు కట్టారు కానీ ఆ వేళ్లు మళ్లీ బాడిస పట్టుకోలేదు.

రెండు రోజుల తర్వాత డ్రైవరు ఏడుస్తూ వచ్చి, ఆ రాయి మనదేనన్నాడు. వాడికి ముగ్గురు పిల్లలు. పోలీసులంటే వాడికి భయం. నాకు పర్మిట్టు పోతుందని భయం, డ్యాము కాంట్రాక్టు పోతుందని అంతకంటే భయం. ఎవరితోనూ అనవద్దని చెప్పి పంపాను.

ఆ వారంలోనే బాబాయి మా అరుగు మీదకొచ్చి కూర్చున్నారు. ఆచారి ఇంటికి వెళ్లి చూసొచ్చారట. చేతిసంచిలోంచి క్లెయిము ఫారం తీసి పక్కన పెట్టారు. శనివారం మన లారీ గురజాల కాడ ఆగిందా అని అడిగారు. ఆగలేదన్నాను. ఆయన నా మొహంలోకి చూశారు. ఆ చూపు భరించలేక నేనే మళ్లీ మాట్లాడాను.

“అయినా తప్పు ఒప్పుకోవద్దని మీరే కదా చెప్పారు.”

“కంపెనీకి చెప్పకుండా ఒప్పుకోవద్దన్నాను. కంపెనీకే దాచమన్నానా? లారీ కోసం పెట్టిన రాయే కదరా అది. ఇస్తారో ఇవ్వరో వాళ్లు చూసుకుంటారు, కాదంటే జడ్జి చూసుకుంటాడు. నువ్వు నిజం రాసి సంతకం పెట్టు, అంతే.” గొంతు తగ్గించి అన్నారు. “ఒరేయ్ అబ్బాయ్, ఆ కాయితం రాయించింది వీడి కోసమే. ఇప్పుడు వాడికి పేరొచ్చింది.”

నేను సంతకం పెట్టలేదు. ఆయన ఫారం అరుగు మీదే వదిలి వెళ్లారు. దాన్ని బీరువాలో చీరల కింద దాచాను. క్లెయిము గడువు ఎప్పుడు దాటిందో నాకు తెలుసు. ఆ రోజు అన్నం తినబుద్ధి కాలేదు. మర్నాడు మామూలుగానే తిన్నాను.

తర్వాత ఆయన నాతో మాట మానేసి ఉంటే బతికిపోయేవాణ్ణి. మానలేదు. ఏటా వచ్చి పాలసీ కొత్తది రాసేవారు. రాస్తూ రాస్తూ ఒకచోట కలం ఆపి, మళ్లీ రాసేవారు. నెలకొక ఆదివారం చర్చి అయ్యాక సైకిలు మీద ఆచారి ఊరు వెళ్లొచ్చేవారని పిన్ని చెప్పేది. నా సంగతి మీరే ఆచారికి చెప్పేయొచ్చు కదా అని ఒకసారి తెగించి అడిగాను. “నేను చెబితే చాడీ అవుద్ది. నువ్వు చెబితే సాక్ష్యం,” అన్నారు. ఆయన మీద నాకు చానాసార్లు కోపం వచ్చింది. కంపెనీకి ఆయనే ఒక ముక్క రాసి ఉంటే ఆచారికి ఏదో ఒక దారి దొరికేదేమో. నా మీద నమ్మకంతో ఆయన ఆగితే, ఆ నమ్మకం ఖరీదు వేరే మనిషి మోశాడు. చనిపోయిన మనిషి గురించి ఇలా రాయకూడదేమో. కానీ నాకు ఇంత మంచి చేసిన మనిషి ఇంకొకరు లేరు, ఆయన దగ్గర నేను అబద్ధం చెప్పినవాడిగానే మిగిలాను. ఇప్పుడైనా ఉన్నదున్నట్టు రాయకపోతే ఆయన గురించి రాసే హక్కు నాకు లేదు.

సమాధుల దొడ్డికి లారీ ఓనర్లు వచ్చారు, బస్సుల వాళ్లు వచ్చారు, కాఫీ హోటలాయన వచ్చి పిల్లాడిలా ఏడ్చాడు. అందరూ తలో పిడికెడు మట్టి వేశారు. ఆచారి కూడా వచ్చాడు. ఎడమ చేత్తో మట్టి తీసి వేశాడు. కుడి చెయ్యి కండువాలో దాచుకున్నాడు.

నిన్న బీరువాలోంచి ఆ ఫారం తీసి జేబులో పెట్టుకుని ఆచారి ఊరు వెళ్లాను. చూరు కింద ఆయన తమ్ముడు తలుపు చెక్కుతున్నాడు. ఆచారి ఆ పక్కనే నిలబడి ఎక్కడ ఎంత తియ్యాలో చెబుతున్నాడు. నన్ను చూసి పలకరించాడు, బాబాయి ఇంటి పక్కవాణ్ణని తెలుసు. దారి పొడవునా కూర్చుకున్న మాటలన్నీ పోయి, ఉన్నదొక్కటే మిగిలింది.

“ఆ రాయి మాది. మా లారీకి పెట్టి తియ్యకుండా వచ్చారు. తెలిసి కూడా నేను దాచాను.”

తమ్ముడి బాడిస ఆగిపోయింది. ఆచారి నన్ను తిట్టలేదు. నేను ఫారం తీసి చూపించి, బాబాయి అప్పుడే ఇచ్చారని చెప్పాను. ఇప్పుడది పనికొస్తుందా అని ఆచారి అడిగాడు. రాదని, గడువు పోయిందని చెప్పాను.

“ఆయనకి తెలుసన్నమాట,” అన్నాడు ఆచారి. “వచ్చినప్పుడల్లా మంచం వేస్తామంటే వద్దని దీని మీదే కూచునేవాడు. ఎందుకో అనుకునేవాణ్ణి.”

గడప పక్కన, చూరు నీడలో, ఒక నాపరాయి వేసి ఉంది. ఇంకెవరూ పడకూడదని ఆచారి తమ్ముడు ఆనాడే రోడ్డు మీంచి మోసుకొచ్చాడట. ఒక అంచున మా టైరు ఒరిసిన నల్లటి చార ఇంకా పోలేదు. ఆచారి తన ఎడమ చేత్తో కండువా తీసి ఆ రాయి మీది చెక్కపొట్టు దులిపి, కూచోమన్నాడు.