ఆకుకి మూడు పచ్చలు

నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుంటుంది మా వదిన. ఈ ఇంటికి వచ్చి ఏళ్లవుతున్నా మా అమ్మను ఒక్కసారి కూడా ‘అత్తయ్యా’ అని పిలవలేదు. పిలవాల్సి వస్తే ఎదురుగా వెళ్లి నిలబడి ‘ఇదుగోండి’ అంటుంది. పొగరు కాదు, ఒట్టి బిడియం. అది నాకు తెలుసు, అన్నయ్యకు తెలుసు. అమ్మ మాత్రం, దాని లెక్కలో నాకు పేరూ లేదు, వరసా లేదు అని సణుగుతూ ఉండేది.

వదిన ఇంట్లోనే కూచుని కంప్యూటర్ పని చేస్తుంది. జీతమిచ్చే పని పొద్దున. అది ముగిశాక జీతం లేని పని. ఎవరో రాసి అందరికీ ఉచితంగా వదిలేసిన ప్రోగ్రాములను, అవి ఎన్నడూ ఎరగని కంప్యూటర్ల మీద నడిచేలా చేస్తుంది. దాన్ని పోర్టింగ్ అంటారట. వినడానికి ఇల్లు మారినంత తేలిక. ఇల్లు మారినవాళ్లను అడగండి ఎంత తేలికో.

అమ్మది ఎంబ్రాయిడరీ పని. ముందుగదిలో ఆవిడ మిషను, దాని పక్కన కంప్యూటర్. బడిపిల్లల జేబుల మీద బొమ్మలు, దుప్పట్ల అంచున తీగలు, అన్నీ ఆవిడ గీసుకున్నవే. ఆ బొమ్మల్ని తెరిచి మిషనుకు పంపడం ఒకే ఒక్క ప్రోగ్రాంకు తెలుసు. దాన్ని రాసినాయన ఎప్పుడో చేతులు దులుపుకున్నాడు. ఇంతలో పాత కంప్యూటర్ కన్నుమూసింది, కొత్తదాని మీద ఆ ప్రోగ్రాం కదలనంది. అమ్మ మిషను మీద గుడ్డ కప్పేసి, కొనుక్కునేట్టయితే ఆదివారం వచ్చి చూసుకోమని వీధి చివరి టైలరుకు కబురు పెట్టింది. నా బొమ్మలే పోయాక ఈ ఇనుముతో నాకేం పని అంది. కప్పిన గుడ్డ అంచులు మాత్రం రెండుసార్లు సరిచేసింది.

వదిన లేచి తన గదిలోకి వెళ్లింది. ఆ ప్రోగ్రాం కోడు దింపుకుని గది తలుపు వేసుకుంది.

పని గురించి అడిగితే మాత్రం వదినకు నోరొస్తుంది. టీ పట్టుకెళ్లి ఎంతవరకు వచ్చిందన్నాను. ప్రోగ్రాం ఒంటరిగా రాదట. ఇంకెవరో రాసిపెట్టిన కోడు మూట, లైబ్రరీ అంటారట, అదొకటి దానికి కావాలి, ఆ లైబ్రరీకి మరోటి కావాలి.

“నేను పిలిచింది ఒక్కణ్ణే. వాడి వెంట బావమరిది వచ్చాడు, బావమరిది వెంట తోడల్లుడు, తోడల్లుడి వెంట వాళ్ల పినమామ. పాత బిల్డ్ టూల్ ఉంటే తప్ప ఆ పినమామ గడప దాటడట. ఆ టూలేమో కొత్త కంప్యూటర్ ముఖమే చూడనంటోంది,” అంది.

బిల్డ్ టూల్ అంటే కోడును ప్రోగ్రాంగా కట్టి నిలబెట్టే పనిముట్టట. నేనైతే అందర్నీ బయటికి గెంటి తలుపేసేదాన్ని. వదిన ఒక్కొక్కరికీ కావాల్సింది అమర్చుకుంటూ పోయింది.

శనివారానికి తేలిందేమిటంటే, ఈ బంధుజనమంతా దిగింది ఒక్క గంట మోత కోసం. ఒక రంగు కుట్టడం అయిపోయినప్పుడల్లా ప్రోగ్రాం ‘టింగ్’మంటుంది. ఆ టింగ్ మోగించే లైబ్రరీ వెంటే అందరూ వచ్చారు. వదిన ఆ ముడి కత్తిరించేసింది. చుట్టాలంతా మూటాముల్లె సర్దుకున్నారు. తెర మీద అమ్మ తీగలు కనబడేసరికి వదినను పట్టుకుని గిరగిరా తిప్పేశాను.

అమ్మ గుడ్డ తీసి, మిషనుకు ఒక జేబు తగిలించి వంటింట్లోకి వెళ్లింది. ఎప్పుడూ అంతే, టింగ్‌మన్నప్పుడు వచ్చి దారం మారుస్తుంది. ఆ పూట ఎంతకీ పిలుపు రాలేదు. వచ్చి చూస్తే మిషను ఎరుపు కుట్టేసి, పసుపు కోసం నోరు వెళ్లబెట్టుకుని నిలబడింది.

“దీనిక్కూడా నన్ను పిలవడానికి నోరు రాలేదే,” అంది అమ్మ, ఎవరివైపూ చూడకుండా.

ఆ ‘కూడా’ తగలాల్సినచోట తగిలింది. వదిన ముఖం కందిపోయింది. నాకు అమ్మ మీద ఒళ్లు మండింది. ప్రాణం పెట్టి పనిచేసిన పిల్లను అనాల్సిన మాటేనా అది?

వదిన మళ్లీ తలుపు వేసుకుంది. రికార్డు చేసిన శబ్దాన్ని కొత్త కంప్యూటర్ తనంతట తానే వినిపించగలదట, చుట్టాలతో పనే లేదు. మరి ఏదో ఒక గంట పెట్టెయ్యక ఇంతసేపేమిటని తలుపుకు చెవి ఆనించాను. లోపల వదిన ఒకటే మాట అంటోంది, ఆగుతోంది, గొంతు సవరించుకుంటోంది, మళ్లీ అంటోంది. నవ్వు బయటికి రాకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వచ్చేశాను.

ఆదివారం టైలరు వచ్చాడు. అమ్మ అలక ఇంకా దిగలేదు. మిషను నడిచే తీరు చూడమని ఒక జేబు తగిలించి, ఆయనకు మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లింది. అప్పుడు ముందుగదిలోంచి వినబడింది.

“అత్తయ్యా, ఎరుపు అయిపోయింది. పసుపు ఎక్కించండి.”

మొదటి మాట దగ్గర గొంతు కాస్త వణికింది. టైలరు లేచి నిలబడి, పిలిచిందెవరా అని గదంతా వెతికాడు. అమ్మ గ్లాసుతో గుమ్మంలోనే ఆగిపోయింది. వదిన తలుపు చాటున ఉంది. అమ్మ గ్లాసు నా చేతికిచ్చి, వెళ్లి పసుపు దారం ఎక్కించింది.

“ఇంకోసారి అంటుందా ఇది?” అని అడిగింది.

“రంగు మారినప్పుడల్లా అంటుంది...” అని ఆగి, వదిన మెల్లగా, “అత్తయ్యా,” అంది.

మిషను అమ్మడం లేదని అమ్మ టైలరుకు చెప్పేసింది. ఆయన నీళ్లు తాగి వెళ్లిపోయాడు. నేను సంతోషం పట్టలేక ఏడ్చాను, ఎవరూ పట్టించుకోలేదు.

ఇప్పుడు అమ్మ బొమ్మలు చూడాలి. ఒకప్పుడు ఆకంతా ఒకటే పచ్చ. ఇప్పుడు ఆకుకి మూడు పచ్చలు, చిలక ముక్కుకి రెండు ఎరుపులు. కొత్త రంగు వచ్చినప్పుడల్లా వదిన దాని పేరు చెప్పి రికార్డు చేయాలి, ఇప్పుడు గొంతు సవరించుకోవడం లేదు. ఇన్ని రంగులెందుకమ్మా అంటే, ఆకన్నాక ఒకే పచ్చ ఉంటుందా, నీకేం తెలుసు అంటుంది. అంతలో ముందుగదిలోంచి పిలుపొస్తుంది. వదిన పక్కనే కూచుని కూరలు తరుగుతున్నా సరే, “ఆఁ, వస్తున్నానమ్మా,” అని మిషనుకు బదులిస్తూ అమ్మ లేచి వెళుతుంది.