అచ్చు నిండేదాకా

విజయరాణికి రెండు పేర్లుండేవి. చిన్నాన్న శివరాములు పెట్టింది విజయరాణి. మేనత్త దేవవ్వ మాత్రం పోయిన తన తల్లి పేరుతో నర్సవ్వ అని పిలిచేది. తల్లీ తండ్రీ ఒకే కలరా గత్తరలో పోయేనాటికి పిల్లకు నాలుగేళ్లు. కులపెద్దలు కూర్చుని, తిండీ పడకా అమీర్‌పేటలో మేనత్త దగ్గర, పని నేర్చుకోవడం పంజగుట్టలో చిన్నాన్న దగ్గర అని తేల్చారు. అక్కాతమ్ముళ్లు ఒకరి గడప ఒకరు తొక్కరు. శివరాములు మగ్గం దిగి కత్తెర పట్టిన రోజునే దేవవ్వ అతనితో మాట మానేసింది. నేసిన గుడ్డను ముక్కలు చేసి బతకడం ఆమె లెక్కలో బతుకు కాదు.

పిల్ల పొద్దున పంజగుట్టకు, సాయంత్రం అమీర్‌పేటకు ఒక్కతే నడిచేది. బేగంపేటలో విమానాలు దిగడం మొదలయ్యాక దారిలో ఆగి తల ఎత్తి చూసేది. చూశానని అత్తకు చెబితే ఊఁ అనేది. చిన్నాన్నకు చెబుదామంటే అప్పటికే ఆయన దుకాణం ముందు నలుగురికి ఆ విమానం కథ చెబుతుండేవాడు.

శివరాములుకు పెళ్లి కాలేదు. నోరు మూతపడేది కాదు. కొలతలు తీసుకుంటూ ఉర్దూలో ఒకరిని, తెలుగులో ఒకరిని నవ్వించేవాడు. కుట్టిన బట్టల మీద మిగిలిన దారాలు కత్తిరించడం పిల్ల పని. అందుకని ఆమె నడుముకు చిన్న కత్తెర కట్టాడు.

"దారం ఏలాడుతుంటె దర్జీకి ముక్కు కారినట్టే, రాణీ. తుడువు జర" అనేవాడు.

దేవవ్వ ఇంట్లో మాటలు తక్కువ. మగ్గం మీద చీర అయిపోతే కోసి తీసేది కానీ, దువ్వెన పళ్లలాంటి అచ్చు సందుల్లోకి దూర్చిన పాత దారాల కొసలను అట్లాగే వదిలేది. కొత్త పడుగు, అంటే నిలువు దారాల వరస, వచ్చినప్పుడు ఒక్కొక్క పాత కొసకు ఒక్కొక్క కొత్త కొసను బూడిద అద్దుకున్న వేళ్లతో పురిపెట్టి అతకాలి. అతుకు లాగితే కొత్త దారం అచ్చులోంచి దానంతటదే నడిచి వస్తుంది. ఆ అతికే పని మేనత్తే చేసేది. పిల్లను దగ్గర కూర్చోనిచ్చేది కానీ ముట్టనిచ్చేది కాదు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చిన మరుసటి ఏడు శివరాములుకు సికింద్రాబాద్‌లో మిలిటరీ బట్టలు కుట్టే పని దొరికింది.

"దసరా కాంగనే పోతున్న. నువ్వు సుత రా" అన్నాడు పిల్లతో. "అక్క ఉంచుకుంటనంటె ఉండు. నేనేం గుంజుకపోను."

ఆమెకు ఉండాలని ఉంది. ఆ ఇంట్లో ఒక్కసారైనా ఉండమనిపించుకోవాలని ఉంది, అంతే. ఆ రాత్రి అన్నం తింటూ అడిగింది.

"చిన్నబాపు పోతుండట. నన్ను రమ్మంటుండు."

"ఊఁ."

"పోవాల్నా, అత్తా?"

దేవవ్వ చెయ్యి కడుక్కుంది. "రేపు నూలు తెచ్చుకోవాలె" అంది.

మరునాడు మేనత్త బజారుకు పోగానే పిల్ల ఇల్లంతా ఊడ్చి అలికింది. కుండలు తోమి బోర్లించింది. ఇంకేం బాగు చెయ్యాలా అని చూస్తే అచ్చుకు వేలాడుతున్న దారాలు కనిపించాయి. కత్తెర తీసి ముందువైపు అంచు వెంబడి నీటుగా కత్తిరించింది. వెనకవైపు మిగిలినవి లాగి పారేసింది.

దేవవ్వ నూలు మూట దించి, ఖాళీ అచ్చు సందుల వెంబడి వేలు నడిపింది.

"ఎవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్పలే. ఏలాడుతుంటె..."

"వాని చెయ్యే వచ్చింది నీకు" అంది దేవవ్వ. కొట్టలేదు.

ఇక కొత్త పడుగు అతకడానికి కొసలు లేవు, ముందు పొట్టి దారాలను ఒక్కొక్కటే మళ్లీ దూర్చాలి. ఒకరు అచ్చు సందులోంచి కొక్కెం చాపితే ఇంకొకరు దానికి దారం అందించాలి. అచ్చుకు ఇటు అత్త, అటు పిల్ల కూర్చున్నారు. పండగ పోయింది. శివరాములు జట్కా తెచ్చి గడప బయట నిలబడ్డాడు.

"రాణీ, సామాను సదురుకున్నవా?"

"అచ్చు నిండేదాక ఆగుమను" అంది దేవవ్వ పిల్లతో, తల తిప్పకుండా.

"ఆగుతనని చెప్పు" అన్నాడు బయటి నుంచి, జట్కాను వెనక్కి తిప్పిస్తూ.

పిల్ల దారం అందించింది. ఆ రోజు నుంచి పిల్ల చేతులు నెమ్మదించాయి. కొక్కెం చాపి దేవవ్వ ఎదురుచూసేది కానీ తొందరపెట్టలేదు. ఒకచోట ఒకే సందులోకి రెండు దారాలు పోయాయి. దేవవ్వ చూపు దాని మీద ఆగడం పిల్ల గమనించింది. అయినా అత్త ముందుకే పోయింది. జానెడు మేర నిండాక అప్పుడు ఆపింది.

"తప్పు పోయింది. మల్ల ఆడికెళ్లి దూర్చాలె" అని ఆ తప్పు దాకా అన్నీ లాగేసింది.

అయినా అచ్చు నిండింది. చివరి దారం అందించి పిల్ల లేవలేదు. దేవవ్వ లేచి సందుక పెట్టె తెరిచి ఎర్రంచు తెల్లచీర తీసి ఆమె ఒళ్లో పెట్టింది.

"కోసి లంగ, రైక కుట్టుకో."

"కొయ్యాల్నా?"

"మిషిని మీద కూసుంటె చీర కాలికడ్డం వడ్తది. కొయ్యి."

పిల్ల బట్టల మూట కట్టుకుంది. మరునాడు జట్కా మళ్లీ వచ్చి కదిలేటప్పటికే లోపల దేవవ్వ బూడిద గిన్నె దగ్గరికి జరుపుకుని, నిన్నటిదాకా ఇద్దరూ దూర్చిన దారాలకు ఒక్కతే కొత్త పడుగు అతుకుతూ ఉంది.

యుద్ధం ముగియకముందే దేవవ్వ పోయింది. విజయరాణి అమీర్‌పేట ఇంటికి తిరిగి వచ్చి, అత్త కాళ్లు పెట్టుకునే మగ్గం గుంటను మట్టితో పూడ్చి దాని మీద కుట్టు మిషను వేసుకుంది. రవికెలు బాగా కుడుతుందని పేరుంది. వానాకాలం వస్తే గుంట కాస్త దిగి మిషను ఒక పక్కకు ఒరుగుతుంది. గట్టి నేల ఉన్న మూలకు జరుపుకొమ్మని ఇరుగుపొరుగు ఎన్నోసార్లు చెప్పారు. ఆమె ఊఁ అంటుంది. ఒరిగిన వైపు కాలి కింద చెక్క ముక్క పెట్టి మళ్లీ తొక్కుతుంది.